ఇరవై రెండు చుట్లు

ఫిబ్రవరి 9

ఇంటావిడ రాత్రి తేల్చి చెప్పేసింది. "మీ అక్క గొడవ నాతో చెప్పకండి, గోడతో చెప్పుకోండి" అని. గోడకంటే కాగితం నయం. కనీసం నిన్న ఏమన్నానో ఈ రోజు చూసుకోవచ్చు. ఆఫీసులో వాడకుండా పడున్న రిజిస్టరు ఒకటి తెచ్చుకున్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు.

ఈ రోజు అక్క వీధి మలుపులో ఎదురైంది. దాదాపు ఏడాది తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది: "నీ పగ నా మీద తీర్చుకో. వీధి వీధంతా నిన్నేం చేసిందిరా?"

మిట్టవీధికి మూడు వారాలుగా నీళ్ళు ఎక్కట్లేదు. అక్క ఉండేది ఆ వీధి చిట్టచివర, మూడో అంతస్తులో. నీళ్ళు వదిలేది నేను. కాబట్టి నీళ్ళు రాకపోతే నేనే కట్టేసినట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎవరి మీదైనా కోపంతో వాల్వు మీద చెయ్యి వేశానా?

నేను చేసే పని ఇక్కడ రాసి పెడుతున్నాను. పొద్దున ఐదింటికి ట్యాంకు వదులుతారు. ఐదు నుంచి ఆరు మిట్టవీధి వంతు, ఆరు నుంచి ఏడు పల్లంవీధి వంతు. ఏడింటికి ట్యాంకు కట్టేస్తారు. ఐదుకి మిట్టవీధి గుంటలో వాల్వు తిప్పే పొడుగాటి ఇనప తాళం దింపి, వాల్వు ఎడమకి ఇరవై రెండు చుట్లు తిప్పి తెరుస్తాను. ఆరుకి కుడికి ఇరవై రెండు తిప్పి మూస్తాను, పల్లంవీధిది తెరుస్తాను. రోజూ ఇంతే. ఇందులో పగ ఎక్కడుంది?

పైగా మిట్టవీధిది కొత్త వాల్వు. పాతదాని ఇరుసు విరిగితే జనవరిలో కాంట్రాక్టరు ఫిట్టరు వచ్చి బిగించి వెళ్ళాడు. వెన్నలా తిరుగుతోంది. తప్పు నాది కాదు, వాల్వుది కాదు. పల్లంవీధిలో ఇంటికో మోటారు పెట్టి లాగేస్తున్నారు.

ఫిబ్రవరి 11

రాలేదు.

ఫిబ్రవరి 12

రాలేదు.

ఫిబ్రవరి 17

టీవీ సౌండు తగ్గించమని ఇంటావిడ గొడవ. నిజానికి టీవీలో వాళ్ళే సరిగ్గా మాట్లాడట్లేదు. ఈ మధ్య అందరికీ ఇదే జబ్బు, నోట్లో మాట నోట్లోనే నములుతున్నారు. మా ఆఫీసులో కుర్రగుమాస్తాలు మరీ ఘోరం. వాళ్ళకి తల ఊపేసి నా పని నేను చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 24

కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ పిలిపించింది. మా పెద్దమ్మాయి ఈడు ఉంటుంది. మిట్టవీధి నుంచి ఫిర్యాదులు నలభై దాటాయట. "మీరు వాల్వు దగ్గర చెక్ చేశారా?" అని అడిగింది. ఆ గదిలో నా గురించి తెలియంది ఆమె ఒక్కతే. నన్ను అందరూ పిలిచే పేరే చెవి మేస్త్రి. ఇనప కడ్డీ ఒక కొన గొట్టం మీద, ఒక కొన చెవి దగ్గర పెట్టానంటే ఏ మూల ఏ లీకు ఉందో చెప్పేవాణ్ణి. రోడ్డు తవ్వేవాళ్ళు నేను గీసిన సున్నా దగ్గరే తవ్వేవాళ్ళు, నీళ్ళు అక్కడే ఉండేవి.

పల్లంవీధి మోటార్ల సంగతి ఆమెకి వివరంగా చెప్పాను. రాసుకుంది. మిట్టవీధికి రోజూ రెండు ట్యాంకర్లు పంపమని ఆర్డరు వేసింది. ట్యాంకులో నీళ్ళు మిగులుతున్నాయట, వాటితోనే నింపుతారు.

మార్చి 3

అమ్మ పోయి ఈ రోజుకి ఏడాది.

ఆ రోజు సంగతి కూడా ఇక్కడ రాసి పెట్టడం మంచిది. అమ్మ అక్క దగ్గరే ఉండేది. ఆ మధ్యాహ్నం బస్టాండు ముందు పెద్ద గొట్టం పగిలింది. నడుంలోతు గుంటలో నేను ఉన్నాను. అక్క ఫోన్ చేసింది. అంత అర్జెంటని చెప్పలేదు. చెప్పుంటే నేను రానా? సరే సరే అన్నాను, పెట్టేశాను. మూడు గంటల తర్వాత బురద బట్టలతో వెళ్ళేసరికి అయిపోయింది. చుట్టాలందరి ముందు అక్క అన్న మాట, "వీడికి అమ్మకంటే నీళ్ళు ఎక్కువ."

ఆ మాట పడ్డాక ఆ మెట్లు ఎక్కలేదు. అర్జెంటని చెప్పలేదు మరి. చెప్పుంటే రానా?

మార్చి 10

ట్యాంకరు చూశాను. మిట్టవీధి మొదట్లో ఆపుతాడు, పైకి ఎక్కించడు, బ్రేకులు భయమట. బిందెలు, బకెట్లు, రంగుడబ్బాలు, ఒకాయన పిల్లల ఉయ్యాల తొట్టి కూడా తెచ్చాడు. అక్క రెండు నీలం బకెట్లతో వరసలో ఉంది. అరవై రెండేళ్ళ మనిషి. అక్కణ్ణుంచి వీధి చివరికి రెండు వందల అడుగులు, ఆపైన నలభై నాలుగు మెట్లు. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను సైకిల్ ఆపలేదు. ఆపితే ఒక బకెట్ అందుకునేవాణ్ణి. అందుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు అనుకుంటుంది.

ఇంటావిడ మాత్రం వాళ్ళింటికి వెళ్ళి వస్తూనే ఉంది. వచ్చి ఒక మాట చెప్పింది. "ఐదు నుంచి ఆరు దాకా కొళాయి చచ్చినట్టు పడుంటుందట. ఆరు దాటాక మూలుగుతుందట. వీధి మొదట్లో రెండిళ్ళకైతే అప్పుడు సన్నగా వస్తాయట కూడా. వదినే చెప్పింది. అదేంటో చూడండి."

చూడ్డానికేముంది? ఆరు దాటాక వచ్చేది పల్లంవీధి నీళ్ళు. గొట్టంలో గాలి కదిలి ఉంటుంది. ఆడవాళ్ళు కొళాయి మూలుగు కూడా జాతకంలా చదువుతారు. ఆ మాట అంటే, "ఆడలేక మద్దెల ఓడు అంటారు, అది మీకే" అని లోపలికి పోయింది.

మార్చి 15

ఎందుకైనా మంచిదని ఈ రోజు ఐదుకి వాల్వు తెరిచాక కడ్డీ పెట్టి విన్నాను. నీళ్ళు పోతున్న చప్పుడు వినిపించింది.

స్పష్టంగానే వినిపించింది.

మార్చి 16

మళ్ళీ విన్నాను. ఈ రోజు కాస్త గాలి ఎక్కువగా ఉంది. అయినా వినిపించింది.

మార్చి 21

రాలేదు. ఎండలు ముదిరాయి. పల్లంవీధి మోటార్లు పట్టుకోమని ఇంజినీరమ్మకి మళ్ళీ చెప్పాను.

మార్చి 27

అక్క పడిపోయింది.

మార్చి 28

రెండో అంతస్తు మలుపులో కాలు జారిందట. బకెట్ వదిలేసి ఉంటే పడేదాన్ని కాదు అని డాక్టరుతో అందట. మోసుకొచ్చిన నీళ్ళు వదలబుద్ధి కాలేదు, బకెట్‌తో పాటే దొర్లింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రి వరండాలో దూరంగా బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి వెళ్ళలేదు. ఇంటావిడ బయటికి వచ్చి ఏదో చెప్పింది. తల ఊపాను. "ఏం ఊపుతారు, మందుల చీటీ తీసుకోండి" అని చేతిలో పెట్టింది.

అక్క బట్టలు కుట్టి బతుకుతుంది. బావ పోయిన పంతొమ్మిదేళ్ళుగా ఆ కుడి చెయ్యే ఆ ఇంటికి మగదిక్కు. ఆ చెయ్యి మునుపటిలా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడట డాక్టరు.

మార్చి 29

నేనేం చేశాను? నేను రోజూ వదులుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 2

ఇంజినీరమ్మ ఒక కాగితం తెచ్చి నా ముందు పరిచింది. ట్యాంకులో నీటిమట్టం గంట గంటకీ కొలిచిన గీత. ఆరు నుంచి ఏడు దాకా జారుడుబల్లలా కిందికి దిగింది. ఐదు నుంచి ఆరు దాకా మాత్రం గీత చదునుగా ఉంది, రెండు నెలలుగా అంతే. చదునంటే బల్ల మీద స్కేలు పెట్టినట్టు.

"మేస్త్రి గారూ, మోటార్లతో లాగినా నీళ్ళు తగ్గాలి కదా. మిట్టవీధి వంతులో ట్యాంకు నుంచి బొట్టు కూడా కదలట్లేదు" అంది. ఆమె మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. నా మొహంలోకి చూస్తూ చెప్పింది. అలా ఎందుకు చెప్పిందో అప్పుడు తోచలేదు.

ట్యాంకు మీది కొలత బోర్డు పట్టేసిందేమోనని నీళ్ళు నమిలాను.

ఏప్రిల్ 3

జరిగింది వరసగా రాస్తున్నాను.

ఐదుకి ఎడమకి ఇరవై రెండు తిప్పాను. కడ్డీ పెట్టాను. వినిపించింది అనుకోబోయాను, నిన్నటి గీత గుర్తొచ్చింది. నడిచి వెళ్ళి వీధిలో మొదటి ఇంటి కొళాయి తిప్పి చూశాను. పొడి. తిరిగి వచ్చి, గుంటలోకి దిగి, వాల్వు పక్కన గొట్టం మీద అరచెయ్యి పెట్టాను. నీళ్ళు పోతుంటే గొట్టం సన్నగా వణుకుతుంది. చేరిన కొత్తలో మా పాత మేస్త్రి నేర్పిన మొదటి పాఠం ఇదే. కడ్డీ అలవాటయ్యాక చేతిని పక్కన పెట్టేశాను.

గొట్టంలో కదలిక లేదు.

అప్పుడు తాళం మళ్ళీ వాల్వుకి తగిలించి కుడికి తిప్పాను. మూసే వైపుకి. పది చుట్లకి అరచేతి కింద ఏదో కదిలింది. ఇరవై రెండుకి గొట్టం జ్వరం వచ్చిన మనిషిలా వణికింది. పైన వీధిలో ఎవరో "వచ్చాయి, వచ్చాయి" అని పరుగెత్తడం కనిపించింది.

తువ్వాలుతో వాల్వు నెత్తి మీద మట్టి తుడిచి టార్చి వేశాను. ఎర్ర రంగుతో బాణం గుర్తు ఉంది. తెరవడానికి కుడికి. మా ఊళ్ళో వాల్వులన్నీ ఎడమకి తెరుచుకుంటాయి. ఇదొక్కటి ఎదురు తిరుగుడు. రెండు నెలలు పైగా ఐదుకి నేనే మూశాను, ఆరుకి నేనే తెరిచాను. ఆరుకి తెరిచినా పల్లంవీధి తెరిచి ఉండగా నీళ్ళు మిట్ట ఎందుకు ఎక్కుతాయి? కొళాయి మూలిగిందంటే మూలగదా మరి? మిట్టవీధికి పోవలసిన నీళ్ళు ట్యాంకులో మిగిలాయి. మిగిలిన ఆ నీళ్ళే ట్యాంకర్లో వెళ్ళాయి. అక్క మెట్ల మీద మోసింది వాళ్ళ వీధి నీళ్ళే.

ఫిట్టరు చెప్పలేదా అంటే చెప్పాడు. జనవరిలో ఆ రోజు పక్కన రోడ్డు పగలగొట్టే యంత్రం మోగుతోంది. అతను నా భుజం పట్టుకుని ఏదో చెప్పాడు, గాలిలో వేలితో సున్నా చుట్టి చూపించాడు. నేను తల ఊపాను. అతనికి అనుమానం వచ్చి మళ్ళీ చెప్పాడు. నేను మళ్ళీ ఊపాను.

ఏప్రిల్ 4

కుడికి ఇరవై రెండు. చిట్టచివరి దాకా ఎక్కాయి.

ఇంజినీరమ్మ ఏమైందని అడిగింది. "గాలి పట్టేసింది మేడమ్, వదిలించాను" అన్నాను. రాసుకుంది. నా వైపు కాసేపు చూసింది.

ఏప్రిల్ 6

మిట్టవీధి వాళ్ళు పదిమంది ఆఫీసుకి వచ్చారు. పెద్ద ఆఫీసు దాకా వెళ్ళి వాళ్ళకోసం నేను పోట్లాడానని ఎవడు పుట్టించాడో. ఒక పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. అవి మాత్రం బాగానే వినిపించాయి.

సాయంత్రం ఇంటావిడ చెయ్యి పట్టుకుని అక్క ఇంటికి లాక్కెళ్ళింది. ఏడాదిగా ఎక్కని మెట్లు. రెండో అంతస్తు మలుపులో గోడకి నీలం రంగు గీసుకుపోయిన మరక ఉంది, బకెట్‌ది.

కిటికీ పక్కన కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. మంచం మీద కత్తిరించిన బడి బట్టలు మూటగా కట్టి ఉన్నాయి, ఇంకెవరో కుట్టడానికి తీసుకుపోతారట. అక్క కుడి చేతికి మోచేతి నుంచి వేళ్ళ దాకా తెల్లకట్టు. నేను గుమ్మంలో ఆగిపోయాను.

"కోపం తీరిందిగా. చాలు, కూర్చో" అంది.

కూర్చున్నాను.

"అమ్మ పోయిన రోజు అందరి ముందు నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సిందిరా. కడుపుమంటతో అన్నాను. నువ్వూ కడుపుమంటతోనే కట్టేశావు. చెల్లుకి చెల్లు. ఇంక ఎత్తొద్దు."

ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. టీ తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 8

అక్క నేనే కావాలని కట్టేశానని నమ్మింది. నమ్మి కూడా క్షమించింది. ఇంతకంటే ఏం కావాలి?

ఏప్రిల్ 9

కుడికి ఇరవై రెండు.

ఏప్రిల్ 11

నిజం రాయడానికేగా ఈ పుస్తకం. పగబట్టిన తమ్ముడు అనిపించుకోవడం నాకు హాయిగా ఉంది. పగబట్టినవాడికి పని వచ్చు. చెయ్యి, చెవి అన్నీ పనిచేస్తాయి, మనసు ఒక్కటే చెడ్డది. అక్కకి నిజం తెలిస్తే నేను పని రానివాణ్ణి. చెవిటివాణ్ణి.

పై మాట కొట్టేద్దామని కలం ఎత్తాను. ఉంచాను.

ఏప్రిల్ 13

ఇంటావిడతో ఏదో మాటకి మాట పెరిగింది. "మీతో చెప్పడమూ, చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే" అంది. ఎప్పుడూ అనే సామెతే. ఈ రోజు అనేసి నోరు మూసుకుంది. ఈవిడకి ఎప్పట్నుంచో తెలుసు.

ఏప్రిల్ 16

పొద్దున పని అయ్యాక ఒక్కణ్ణే వెళ్ళాను.

అక్క నేల మీద గుడ్డ పరుచుకుని ఎడమ చేత్తో కత్తిరించడం నేర్చుకుంటోంది. కత్తెర వంకర పోతోంది. వంకర పోయిన ముక్కలు పక్కన కుప్పగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాను. వాల్వు, బాణం గుర్తు, ఫిట్టరు, తల ఊపడం, కడ్డీ పెట్టి వినిపించిందని నాకు నేనే రాసుకోవడం, అంతా చెప్పాను. "పగ కాదక్కా. పగ అయితే బాగుండేది. ఎటు తిప్పుతున్నానో నాకే తెలియలేదు. నీ చెయ్యి విరిగింది నా వల్ల" అన్నాను.

అక్క కత్తెర కింద పెట్టింది. కిటికీ వైపు తిరిగి ఏదో అంది. పెదవులు కదలడం పక్కనుంచి కనిపించింది. నేను తల ఊపాను.

ఇటు తిరిగింది. "ఏమన్నానో చెప్పు."

ఇంకోసారి ఊపితే పోయేదేమో. ఊపలేదు. "వినపడలేదక్కా" అన్నాను. ఆ మాట నేను బయటికి అనడం అదే మొదలు.

దగ్గరికి జరిగింది. "ఎప్పట్నుంచి?"

"రెండు మూడేళ్ళు అయి ఉంటుంది. ఎడమది మరీ."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో చూసినట్టు చూసింది. "అమ్మ పోయిన రోజు ఫోన్ ఎటు పెట్టుకున్నావు?"

కుడి చేతిలో పార ఉంది. ఫోన్ ఎడమ చెవి దగ్గర ఉంది. పక్కన గొట్టం హోరు. అక్క పేరు తెర మీద చూశాను, ఏదో మాట్లాడుతున్నట్టు తెలిసింది. సరే సరే అన్నాను, పెట్టేశాను. అంత అర్జెంటని చెప్పలేదు అని ఏడాదిగా అంటున్నాను, ఈ పుస్తకంలో కూడా రాశాను. చెప్పిందో లేదో నాకు తెలియదు. అదే అక్కకి చెప్పాను.

అక్క నా కుడి వైపుకి వచ్చి కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి, తొందరపడకుండా చెప్పింది.

"అమ్మ నిన్నే అడుగుతోంది, వెంటనే రమ్మన్నాను. గొట్టం పగిలి గుంటలో ఉన్నావని మీ ఆఫీసువాళ్ళు చెప్పారు, అది అమ్మకి ముందే చెప్పాను. ఆపైన ఫోన్ అమ్మ నోటి దగ్గర పెట్టాను. నువ్వు సరే సరే అన్నావు. నేను చెప్పింది విని కూడా రాలేదని ఏడాది నిన్ను తిట్టుకున్నాను."

"అమ్మ ఏమైనా అందా?"

"అంది. తడిసి ఉంటావు, తల తుడుచుకో నాన్నా అంది. నువ్వు సరే సరే అన్నావు. అది విని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు."

కుప్పలోంచి వంకర ముక్క ఒకటి తీసి వేళ్ళకి చుట్టుకున్నాను.

"అమ్మకి నీ జవాబు సరిపోయిందిరా. నాకే సరిపోలేదు" అంది. ఎడమ చెయ్యి నా నెత్తి మీద వేసింది. ఆ చేతికి ఇంకా పని రాదు, జుట్టు అటూ ఇటూ చెరిపేసింది. ఇద్దరం ఏడ్చాం. నేను ఎంత గట్టిగా ఏడ్చానో నాకు తెలియదు, కింది అంతస్తు వాళ్ళు వచ్చి తలుపు తట్టారట. అక్కే లేచి వెళ్ళి తీసింది.

ఏప్రిల్ 17

ఇంజినీరమ్మకి ఉత్తరం రాసిచ్చాను. గాలి పట్టడం అబద్ధం, వాల్వు తప్పు తిప్పాను, నాకు వినపడదు, అని మూడు ముక్కలు. చదివి మడిచింది. నాకు అర్థమయ్యేట్టు ఎదురుగా నిలబడి, ఊళ్ళో వాల్వులన్నిటికీ బాణాలు మళ్ళీ రంగుతో వేయిస్తానంది. నన్ను చెవి పరీక్షకి పంపుతుంది. ఉద్యోగం సంగతి పైవాళ్ళు తేలుస్తారు. అంతవరకూ ఇంకో ఫిట్టరు నా వెంట ఉంటాడు. సిగ్గుగానే ఉంది.

ఏప్రిల్ 19

కుడికి ఇరవై రెండు. గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. తలెత్తితే వీధి చివర, దీపం వెలుగులో, మూడో అంతస్తు కిటికీలో పసుపు గుడ్డ ముక్క వేలాడుతోంది. వంకరగా కత్తిరించిన ముక్కల్లోది. నీళ్ళు ఎక్కగానే అది బయట వేస్తానని అక్క చెప్పింది, కంటితో చూసుకోమంది.

గుంటలో గొట్టం జోడింపు దగ్గర నీళ్ళు సన్నగా చిమ్మి తడిశాను. ఇంటికి రాగానే తల తుడుచుకున్నాను.